చికానో కళ గురించి అడిగిన చెల్లికి: ముందు ఒక్క గోడ ముందు నిలబడు

చెల్లీ, నీ ప్రశ్న నిన్న రాత్రే చూశాను. రెండు ముక్కల్లో తేల్చేసే విషయం కాదు కాబట్టి ఇవాళ సెలవు చూసుకుని తీరిగ్గా కూర్చున్నాను. తర్వాత చదివేవాళ్ళకి కూడా అర్థం కావాలని నువ్వడిగింది ముందు క్లుప్తంగా చెప్తాను. నువ్వు కాలిఫోర్నియాలో స్టేట్ యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్ రెండో సంవత్సరం. అక్కడ డిగ్రీ రావాలంటే ఎథ్నిక్ స్టడీస్ కోర్సు ఒకటి తప్పనిసరి, అందుకని క్రెడిట్ల కోసం, అమెరికాలోని మెక్సికన్ మూలాలవాళ్ళ చరిత్ర, కళ చెప్పే చికానో స్టడీస్‌లో ఒక క్లాసులో చేరావు. ఇప్పుడు ఆ క్లాసు గురించే రాత్రిళ్ళు ఆలోచిస్తున్నావు, ఫోన్ నిండా గోడబొమ్మల ఫోటోలే ఉన్నాయన్నావు. టర్మ్ పేపరేమో 'రిప్రజెంటేషన్' మీద రాయమన్నారు. చికానెక్స్, లాటినెక్స్ అనే ఈ పేర్లేంటి, ఎక్కడ మొదలుపెట్టాలి, తెలుగుపిల్లవి నువ్వు దీని మీద రాయొచ్చా అని అడిగావు. మేజర్ మార్చుకుంటానంటే ఇంట్లో ఏమంటారో అని టెన్షన్ కూడా ఉంది.

నా సంగతి కూడా కొంచెం చెప్పాలి. మాది ఏలూరు. లాస్ ఏంజెలెస్ వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. ఇక్కడొక మ్యూజియంలో బడిపిల్లలకి బొమ్మలు చూపించి మాట్లాడించే పని పన్నెండేళ్ళు చేశాను, ఇప్పుడు కమ్యూనిటీ కాలేజీలో ఆర్ట్ హిస్టరీ చెప్తున్నాను. ఈ కళలోకి నేను పుస్తకాల దారిన రాలేదు. పవర్‌పేటలో మా బాబాయికి స్క్రీన్ ప్రింటింగ్ షాపు ఉండేది. శుభలేఖలు, ఎన్నికలొస్తే గుడ్డ బ్యానర్లు. చెక్క ఫ్రేముకి బిగించిన సన్నటి గుడ్డ, దాని మీద ఇంకు, రబ్బరు పట్టీ ఉన్న స్క్వీజీతో ఒక్క లాగు లాగితే కింద కార్డు మీద ఎర్రటి వినాయకుడు. రెండో రంగు వేయాలంటే ఇంకో స్క్రీను, మొదటి రంగు మీద వెంట్రుకవాసి కూడా జరగకుండా కూర్చోవాలి, జరిగితే వినాయకుడి పక్కన ఇంకో నీడ వినాయకుడు కనిపిస్తాడు, ఆ కార్డు పారేయడమే. లాస్ ఏంజెలెస్ వచ్చిన కొత్తలో ఒక స్నేహితురాలు నన్ను తూర్పు లాస్ ఏంజెలెస్‌లో సెల్ఫ్ హెల్ప్ గ్రాఫిక్స్ అనే ప్రింట్ స్టూడియోకి తీసుకెళ్ళింది. లోపల అడుగుపెట్టగానే అదే ఇంకు వాసన. అక్కడ ఆరబెట్టిన పోస్టర్లు చూసి, ఇది నాకు తెలిసిన పనే, కానీ ఈ జనం దీంతో ఇంకేదో చేశారు అనిపించింది. ఆ 'ఇంకేదో' ఏంటో వెతుక్కుంటూనే ఇంత దూరం వచ్చాను.

ఆ స్టూడియోని 1970ల మొదట్లో సిస్టర్ కారెన్ బొకాలెరో అనే ఫ్రాన్సిస్కన్ సన్యాసిని, కార్లోస్ బ్వేనో, ఆంటోనియో ఇబాన్యెజ్ లాంటి కళాకారులతో కలిసి ఒక గరాజులో మొదలుపెట్టింది. స్క్రీన్ ప్రింటే ఎందుకు అంటే, చవక. ఒక్క రాత్రిలో వంద కాపీలు తీసి తెల్లారేసరికి స్తంభాలకి అంటించొచ్చు. గ్యాలరీ ఒప్పుకోవాల్సిన పనిలేదు, కొనేవాడు రావాల్సిన పనీ లేదు. ఇది గుర్తుపెట్టుకో, చికానో కళలో సగం పొలం నుంచీ, సమ్మె నుంచీ పుట్టింది. 1965 సెప్టెంబరులో డెలానో ద్రాక్షతోటల్లో సమ్మె మొదలుపెట్టింది లారీ ఇట్లియాంగ్ నాయకత్వంలో ఫిలిపినో కూలీలు, వారం దాటగానే సీజర్ చావెజ్, డొలొరెస్ వెర్టా నడిపే మెక్సికన్ అమెరికన్ కూలీల సంఘం వాళ్ళతో కలిసింది. ఎర్ర గుడ్డ మీద నల్ల గద్ద ఉండే ఆ సంఘం జెండాని చూశావు కదా, దాని రెక్కల అంచులు మెట్లు మెట్లుగా, గీతకట్ట పెట్టి కోసినట్టు ఉంటాయి. బొమ్మ గీయడం రానివాళ్ళు కూడా ఇంట్లో గుడ్డ మీద వేసుకోగలగాలని అలా పెట్టారు. అదే ఏడాది లూయిస్ వాల్దెజ్ ట్రక్కునే వేదిక చేసుకుని నాటకాలు వేయించడం మొదలుపెట్టాడు, నటులు కూలీలే. మన ప్రజానాట్యమండలి కథలు విన్నవాళ్ళకి ఇది కొత్తగా అనిపించదు.

పేర్ల సంగతి. చికానో అనేది మొదట్లో చులకన మాట, మెక్సికన్ కుటుంబాల్లోనే కాస్త కలిగినవాళ్ళు కూలీనాలీ చేసుకునేవాళ్ళని అనే మాట. 1960ల్లో కుర్రకారు దాన్నే తీసుకుని గర్వంగా ఛాతీ మీద పెట్టుకున్నారు. కాబట్టి అది పుట్టుకతో వచ్చే పేరు కాదు, ఎంచుకున్న పేరు. మెక్సికన్ అమెరికన్లు అందరూ చికానోలు కారు, చాలామంది పెద్దవాళ్ళకి ఇప్పటికీ ఆ మాట నచ్చదు. మన దగ్గర ఎవరో పెట్టిన పేర్లు తోసేసి దళిత అన్న మాటని ఎంచుకున్నప్పుడు అందులో ఎంత రాజకీయం ఉందో, ఇందులోనూ అంత ఉంది. ఇక చివర ఆ 'ఎక్స్' ఎందుకో తెలుగు తెలిసినవాళ్ళకి చెప్పడం తేలిక. మనకి కళాకారుడు, కళాకారిణి అని ఒక్కరి దగ్గర విడిపోయినా, కళాకారులు, వాళ్ళు అనేసరికి అందరూ వచ్చేస్తారు. స్పానిష్‌లో అలా రారు. వందమంది ఆడవాళ్ళలో ఒక్క మగాడున్నా ఆ గుంపు మొత్తం చికానోస్ అయిపోతుంది. దానికి ఎదురుతిరిగి ఆడవాళ్ళు చికానా అన్నారు, తర్వాత ఆడా మగా అన్న రెండు గళ్ళలోనూ ఇమడనివాళ్ళ కోసం చికానెక్స్, లాటినెక్స్ వచ్చాయి. యూనివర్సిటీల్లో, మ్యూజియంలలో ఇది మామూలు మాటే, బయట తక్కువ. ప్యూ రీసెర్చ్ అనే సంస్థ సర్వేలో, అమెరికాలోని లాటినోల్లో లాటినెక్స్ అని తమని తాము పిలుచుకునేవాళ్ళు 2020లో 3 శాతం, 2024 నివేదికలో 4 శాతం. నా పద్ధతి ఒకటే, ఆ కళాకారులు తమని ఏమని పిలుచుకుంటే నేనూ అదే రాస్తాను. మొత్తం రంగాన్ని చెప్పాల్సినప్పుడు నీ డిపార్ట్‌మెంట్ వాడే మాట వాడు, ఎందుకు వాడుతున్నావో ఒక వాక్యం రాయి, చాలు. దీని మీద పేజీలు ఖర్చుపెట్టకు.

లాటినెక్స్ అంటే లాటిన్ అమెరికా మూలాలున్నవాళ్ళు, ఆ పెద్ద గొడుగు కిందకి ప్యూర్టోరికన్లు, క్యూబన్లు, డొమినికన్లు, సాల్వడోరన్లు అందరూ వస్తారు, వాళ్ళ కథలు వేరు. ప్యూర్టోరికో వాళ్ళు 1917 నుంచి అమెరికా పౌరులే, న్యూయార్క్‌లో ఎల్ మ్యూసియో దెల్ బారియో అనే మ్యూజియం 1969లో పుట్టింది వాళ్ళ పోరాటంలోంచే. నీ మొదటి పేపర్‌కి ఆ గొడుగు మొత్తం ఎత్తుకోకు, నీ ఊళ్ళో నడిచి వెళ్ళి చూడగలిగేది చికానో కళ, దాంతో మొదలుపెట్టు. ఇంకొకటి, చాలామంది కొత్తవాళ్ళు ఫ్రీడా కాలో, డియేగో రివెరాలతో మొదలుపెట్టి అదే చికానో కళ అనుకుంటారు. వాళ్ళు మెక్సికో కళాకారులు. మెక్సికో గోడబొమ్మల ప్రభావం చికానోల మీద చాలా ఉంది, ఫ్రీడాని 1978లోనే శాన్ ఫ్రాన్సిస్కోలో గలేరియా దె లా రాసా అనే చికానో గ్యాలరీ వాళ్ళు పండగలా గుర్తుచేసుకున్నారు, ఆవిడ బొమ్మ సంచుల మీదకెక్కడానికి చాలా ముందే. అయినా సరిహద్దుకి ఇవతల పుట్టి, ఇంగ్లీషు బళ్ళో చదివి, ఇంట్లో స్పానిష్ విని పెరిగినవాళ్ళ బాధ వేరు. 1848 ఒప్పందంతో మెక్సికో తన నేలలో సగానికి పైగా అమెరికాకి వదులుకుంది, అక్కడ ఉన్న జనం ఉన్నచోటే పరాయివాళ్ళయ్యారు. మేము సరిహద్దు దాటలేదు, సరిహద్దే మమ్మల్ని దాటింది అని వాళ్ళనే మాట అందుకే. బళ్ళారి, హోసూరు వైపు బంధువులున్న తెలుగువాళ్ళకి ఇందులో ఒక చిన్న ముక్క తెలుసు, కదలకుండా కూర్చున్నా రాష్ట్రం మారిపోవడం. వాళ్ళకి మాత్రం అది యుద్ధంతో, భూములు పోవడంతో వచ్చింది.

ఇప్పుడు నీ పేపర్ విషయం. ఇంగ్లీషులో రిప్రజెంటేషన్ అని ఒక్క మాటే ఉంది, అందుకే క్లాసులో చర్చ అంత గజిబిజి అవుతుంది. తెలుగులో మనకి రెండున్నాయి. చిత్రణ ఒకటి, ప్రాతినిధ్యం ఇంకొకటి. బొమ్మలో నీ మొహం ఉండటం చిత్రణ. ఆ బొమ్మ ఎక్కడ పెట్టాలి, ఎవరు వేయాలి, ఎవరి పేరు కింద ఉండాలి అన్న చోట నీ మనిషి కూర్చోవడం ప్రాతినిధ్యం. ఈ రెండూ ఎప్పుడు కలుస్తాయి, ఎప్పుడు విడిపోతాయి అని చూడటం మొదలుపెడితే నీకు పేపర్ దొరికినట్టే. నేను పిల్లలకి కూడా ఇదే చెప్పేదాన్ని, బొమ్మలో ఎవరున్నారు అన్నది మొదటి ప్రశ్న, బ్రష్ ఎవరి చేతిలో ఉంది అన్నది రెండోది, గోడ ఎవరిది అన్నది మూడోది.

1972లో జరిగిన ఒకటి తీసుకో. తూర్పు లాస్ ఏంజెలెస్ కుర్రవాళ్ళు నలుగురు, హ్యారీ గాంబోవా, గ్రాంక్, విల్లీ హెరాన్, పాట్సీ వాల్దెజ్. వాళ్ళ గుంపు పేరు ఆస్కో, స్పానిష్‌లో వికారం, కడుపులో దేవడం అని అర్థం. గాంబోవా లాస్ ఏంజెలెస్ కౌంటీ మ్యూజియంకి వెళ్ళి ఇక్కడ చికానో కళ ఎందుకు లేదని అక్కడి క్యూరేటర్ని అడిగాడట, చికానోలు చేసేది జానపద కళే, లేదంటే గ్యాంగుల్లో తిరుగుతారు అన్న అర్థం వచ్చే జవాబు వచ్చిందని అతను చెప్తాడు. రాత్రికి వెళ్ళి మ్యూజియం గుమ్మం దగ్గర స్ప్రే పెయింట్‌తో తమ పేర్లు రాసేశారు. కళాకారుడు తన బొమ్మ కింద సంతకం పెడతాడు కదా, వీళ్ళు మ్యూజియం మొత్తానికే సంతకం పెట్టారు. గోడలకి గ్యాంగ్ రాతలు రాస్తారు అన్నారు కాబట్టి ఆ రాతనే కళ చేశారు. కాసేపటికి మ్యూజియం వాళ్ళు తుడిపించేశారు, కానీ తెల్లవారి గాంబోవా తీసిన ఫోటో మిగిలింది. ఆ ఫోటోని బాగా చూడు. రెయిలింగ్ దగ్గర పాట్సీ వాల్దెజ్ నిలబడి ఉంటుంది, కింద ఎర్రగా, నల్లగా పేర్లు. హెరాన్, గాంబోవా, గ్రాంక్. పాట్సీ పేరు లేదు. ఫోటోలో మనిషి ఆవిడే, గోడ మీద పేర్లు మగవాళ్ళవి. మ్యూజియం చికానోలని బయటే ఉంచింది అని గొంతెత్తిన ఆ ఒక్క పనిలోనే చిత్రణ, ప్రాతినిధ్యం ఎలా విడిపోయాయో చూడు. ఆస్కో అంటే నాకు చాలా ఇష్టం, ఇష్టం కాబట్టే ఈ మాట దాచను. నీ ఐదు పేజీలకి ఈ ఒక్క ఫోటో చాలు, నిజంగా.

ఫోటో వద్దు, నడిచి చూడాలి అంటే గ్రేట్ వాల్ ఆఫ్ లాస్ ఏంజెలెస్‌కి వెళ్ళు. శాన్ ఫెర్నాండో వ్యాలీలో టుహుంగా వాష్ అని ఒక వరదకాలవ, ఒకప్పుడు ఏరు, వరదల భయంతో ఆర్మీ ఇంజనీర్లు దాన్ని కాంక్రీటు కాలవ చేసేశారు. ఆ కాలవ గోడ మీద 2,754 అడుగుల పొడవున, అంటే అర మైలు పైనే, కాలిఫోర్నియా చరిత్ర బొమ్మలుగా ఉంది. దాని వెనక ఉన్నది చికానా కళాకారిణి జూడీ బాకా. 1976 నుంచి 1983 దాకా ఐదు వేసవులు పట్టింది, 400 మందికి పైగా కుర్రాళ్ళు, వాళ్ళ కుటుంబాలు పనిచేశారు, వాళ్ళలో చాలామంది పోలీసు కేసుల్లో ఇరుక్కున్న పిల్లలు. వేర్వేరు పేటల పిల్లలు, ఒకరి వీధిలోకి ఒకరు రాలేనివాళ్ళు, ఒకే నిచ్చెన పట్టుకోవాల్సి వచ్చింది. నదికి అయిన గాయం మచ్చ మీద వేసిన పచ్చబొట్టు అని బాకా ఈ గోడ గురించి అంటుంది, అంతకంటే బాగా నేను చెప్పలేను.

ఆ గోడ దగ్గరికి ఐదో తరగతి పిల్లల్ని తీసుకెళ్ళిన ఒక పూట నాకు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టు ఉంది. ఒక చోట ఫ్రీవేలు పాముల్లా మెలితిరిగి ఇళ్ళ మధ్యలోంచి పోతుంటాయి, కుటుంబాలు రెండు వైపులా విడిపోయి ఉంటాయి. పైనుంచి గుండ్రంగా, గ్రహాంతరాల ఓడలా ఒక కట్టడం దిగుతుంటుంది. డాడ్జర్స్ అనే ఇక్కడి బేస్‌బాల్ జట్టు టోపీ పెట్టుకున్న పిల్లాడొకడు అదేంటి మిస్ అన్నాడు. డాడ్జర్ స్టేడియం అని చెప్పాను. అక్కడ చావెజ్ రవీన్ అని మెక్సికన్ కుటుంబాల పేట ఉండేదని, 1950ల్లో ఇళ్ళు కట్టిస్తామని చెప్పి వాళ్ళని ఖాళీ చేయించారని, ఆ ఇళ్ళు కట్టలేదు కానీ 1962లో స్టేడియం తెరిచారని చెప్పాను. వాడు టోపీ తీసి చేతిలో పట్టుకుని చాలాసేపు చూశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. మా తాతకి డాడ్జర్స్ అంటే ప్రాణం, తాతకి ఇది తెలుసా అని అడిగాడు. ఇంటికెళ్ళి అడుగు అన్నాను. తాత ఏమన్నాడో నాకు తెలియదు, కానీ ఆ ప్రశ్న ఒక ఇంట్లోకి వెళ్ళింది కదా, గోడబొమ్మ పని అది.

శాన్ డియేగో దగ్గరైతే చికానో పార్క్ వదలకు. బారియో లోగాన్ పేట మధ్యలోంచి ఫ్రీవే వేశారు, 1969లో కొరొనాడో వంతెన కట్టారు, వంతెన కింద జాగాలో పార్కు కడతామని మాటిచ్చి 1970 ఏప్రిల్ 22న హైవే పోలీసు స్టేషన్ కోసం బుల్‌డోజర్లు దించారు. జనం వెళ్ళి యంత్రాల చుట్టూ గొలుసు కట్టి నిలబడ్డారు, పన్నెండు రోజులు కదల్లేదు, పలుగూ పారలతో తామే మొక్కలు నాటడం మొదలుపెట్టారు. పార్కు వాళ్ళదైంది. 1973 నుంచి వంతెన స్తంభాల మీద బొమ్మలు వేశారు, ఇప్పుడది జాతీయ చారిత్రక స్థలం. తమ పేటని చీల్చిన స్తంభాల మీదే తమ దేవుళ్ళనీ మనుషుల్నీ వేసుకున్నారు. ఏటా ఏప్రిల్లో అక్కడ పండగ జరుగుతుంది, మామూలు ఆదివారం వెళ్తే ఇంకా మంచిది, బొమ్మల కింద పిల్లలు సైకిళ్ళు తొక్కుతుంటారు.

మన గుంటూరు, వరంగల్ వైపువాళ్ళు తప్పకుండా చూడాల్సిన ప్రింటొకటుంది. ఎస్తేర్ హెర్నాండెజ్ 1982లో వేసిన 'సన్ మ్యాడ్'. సన్ మెయిడ్ అనే కంపెనీ ఎండుద్రాక్ష పెట్టె మీద ఎర్ర టోపీ పెట్టుకుని, ద్రాక్ష గంప పట్టుకుని నవ్వే అమ్మాయి బొమ్మ ఉంటుంది కదా, అదే పెట్టె, అదే టోపీ, అదే పచ్చటి సూర్యుడు, కానీ అమ్మాయి బదులు అస్థిపంజరం. కింద అక్షరాల్లో పురుగుమందులు, కలుపుమందులు, శిలీంధ్రాల మందుల పేర్లు. ఆవిడది శాన్ వాకిన్ లోయలో దినూబా అనే ఊరు, అమ్మానాన్న పొలం కూలీలు, ఊరి నీళ్ళలో ఏళ్ళ తరబడి పురుగుమందు కలుస్తోందని తెలిశాక వేసిన బొమ్మ ఇది. పత్తి చేలో మందు కొట్టి వచ్చినవాళ్ళ చొక్కా వాసన తెలిసినవాళ్ళకి ఈ బొమ్మని విడమరిచి చెప్పక్కర్లేదు. ప్రింటర్ ఇంటి పిల్లలా చూస్తే ఇంకోటి కనిపిస్తుంది, కంపెనీ పెట్టె మీద అచ్చు ఎంత శుభ్రంగా ఉంటుందో ఇదీ అంత శుభ్రంగా ఉంది, రంగు మీద రంగు తప్పకుండా కూర్చుంది. దూరం నుంచి పెట్టే అనుకుని దగ్గరికొస్తావు, వచ్చాక గానీ పుర్రె కనిపించదు.

యోలాండా లోపెజ్ 1978లో వేసిన గ్వాదలూపె మాత (మెక్సికన్లు కొలిచే మేరీమాత రూపం) బొమ్మలు కూడా ఈ వరసలోవే. గుళ్ళో కదలకుండా, కళ్ళు దించుకుని నిలబడే మాత చోట ఆవిడ తనని వేసుకుంది, బూట్లతో ఒక చేత్తో పాముని పట్టుకుని పరిగెత్తుతూ. పక్క బొమ్మలో వాళ్ళమ్మ కుట్టుమిషను ముందు కూర్చుని మాత నక్షత్రాల దుప్పటి కుడుతుంటుంది, ఇంకోదాంట్లో అమ్మమ్మ. చాలామందికి కోపం వచ్చింది. నాకైతే ఆ కుట్టుమిషను దగ్గరే కళ్ళు ఆగిపోతాయి. దేవత చుట్టూ ఉండే వెలుగు, కళ్ళద్దాలు పెట్టుకుని పొట్టకూటికి కుట్టే మనిషి వెనక పెట్టింది. యోలాండా లోపెజ్ 2021 సెప్టెంబరులో పోయారు, ఆవిడ సొంత ప్రదర్శన ఒక మ్యూజియంలో మొదటిసారి తెరుచుకుంది ఆ తర్వాతి నెలలో. నీ ప్రాతినిధ్యం పేపర్లో ఈ రెండు తేదీలు పక్కపక్కన రాయి.

మనం రాయొచ్చా అని అడిగావు. రాయొచ్చు. కానీ ఎక్కడ నిలబడి రాస్తున్నావో రాయి. 1985 కారంచేడు, 1991 చుండూరు తర్వాత మన సాహిత్యంలో మా గురించి మేమే రాసుకుంటాం అన్న గొంతు గట్టిగా వినపడింది, మీరు ఇన్నాళ్ళు జాలితో రాశారు, ఆ జాలి మాకొద్దు అన్నారు. అది విన్నవాళ్ళెవరికైనా ఈ ప్రశ్న కొత్తది కాదు. మన ఇళ్ళల్లో ఎవరు పొలం చేశారు, ఎవరు చేయించారు అన్నది కూడా ఒకసారి ఆలోచించుకో, ఎందుకంటే ద్రాక్షతోట బొమ్మ చూసి మనం వెంటనే కూలీ పక్కన నిలబడిపోతాం, మన తాత ఎటువైపు నిలబడేవాడో అడగం. ఇది నేను చాలా ఆలస్యంగా అడుక్కున్నాను.

నేను చేసిన పొరపాటొకటి చెప్తాను. మ్యూజియంలో కొత్తలో, మెక్సికన్లు చనిపోయినవాళ్ళ రోజు అనే పండగకి పోయినవాళ్ళ కోసం పెట్టే ఒఫ్రెండా అనే పీఠం ముందు పిల్లలకి, ఇది వాళ్ళు చేసే పూజ లాంటిది అని చెప్పాను. బంతిపూలు, దీపాలు, పళ్ళు, ఫోటో, చూస్తే నాకు మన ఇంట్లో తద్దినం, దసరా అన్నీ కలిసి కనిపించాయి. పిల్లలతో వచ్చిన ఒక పెద్దావిడ పక్కకి పిలిచి నెమ్మదిగా చెప్పింది, అమ్మా మేము వాళ్ళని పూజించడం లేదు, ఇంటికి పిలుస్తున్నాం, దారి తెలియాలని పూలు, దాహం వేస్తుందని నీళ్ళు. అప్పట్నుంచి పోలిక నోటికొచ్చినప్పుడల్లా ముందు అడుగుతున్నాను, ఇది మీకేంటి అని. మన బంతిపూల మూలం కూడా మెక్సికోనే అని తర్వాత తెలిసింది, మన గుమ్మానికి కట్టే తోరణంలో ఆ పువ్వు అటునుంచే వచ్చింది. అలాంటి నిజమైన తీగ దొరికితే పట్టుకో, లేనిచోట అల్లకు.

పని ఎలా చేయాలో చెప్తాను. ఒక్క గోడ, లేదా ఒక్క ప్రింటు ఎంచుకో. దాని ముందు అరగంట కూర్చో, ఫోన్ బ్యాగులో పెట్టు, కనిపించినవన్నీ కాగితం మీద రాయి. పది నిమిషాలకి విసుగొస్తుంది, ఆ విసుగు దాటాకే అసలు బొమ్మ కనిపిస్తుంది. ఆ తర్వాత ఎవరు డబ్బిచ్చారు, ఎవరు అనుమతి ఇచ్చారు, రోజూ ఎవరు దాని ముందునుంచి నడుస్తారు, ఎప్పుడైనా ఎవరైనా తుడిపేశారా అని వెతుకు. 1932లో లాస్ ఏంజెలెస్ ఒల్వెరా స్ట్రీట్‌లో మెక్సికో చిత్రకారుడు సికేరోస్ వేసిన గోడబొమ్మలో శిలువకెక్కిన ఆదివాసి మీద అమెరికా గద్ద వాలి ఉంటుంది, దానికి సున్నం కొట్టేశారు, ఏళ్ళు గడిచేకొద్దీ సున్నం రాలి లోపలి బొమ్మ బయటికి తొంగిచూసింది, జనం మళ్ళీ చూడగలిగింది 2012లో. ఏ గోడకైనా ఇలాంటి కథ ఉంటుంది, వెతికితే. కళాకారుల సొంత మాటలు కావాలంటే స్మిత్‌సోనియన్ ఆర్కైవ్స్ ఆఫ్ అమెరికన్ ఆర్ట్‌లో ఇంటర్వ్యూలు ఉచితంగా చదవొచ్చు. హ్యూస్టన్ ఫైన్ ఆర్ట్స్ మ్యూజియం వాళ్ళు ఆ కాలపు కరపత్రాలు, వ్యాసాలు ఆన్‌లైన్‌లో పెట్టారు. రివర్‌సైడ్‌లో 2022లో పాత లైబ్రరీ భవనంలో తెరిచిన మ్యూజియం ది చీచ్‌లో చికానో కళే శాశ్వతంగా ఉంటుంది, ఒక రోజంతా పెట్టుకుని వెళ్ళు. స్పానిష్ మొదలుపెట్టు. రోజూ ఇరవై నిమిషాలు చాలు.

మేజర్ గురించి నా మాట, ఇప్పుడు మార్చకు. మైనర్‌గా తీసుకో. ఇది పెద్దవాళ్ళని సమాధానపెట్టడానికి చెప్పే మాట కాదు, పేటల్లో ఉన్న చిన్న ప్రింట్ స్టూడియోలు, గోడబొమ్మల సంఘాల దగ్గర యాభై ఏళ్ళ స్లైడ్లు, పోస్టర్లు, చేతిరాత పేపర్లు పెట్టెల్లో పడి ఉన్నాయి. వాటిని స్కాన్ చేసి, పేర్లు పెట్టి, వెతికితే దొరికేలా కట్టిపెట్టే మనిషి వాళ్ళకి కావాలి. నీ కంప్యూటర్ సైన్స్ అక్కడ నిజంగా పనికొస్తుంది. ముందు శనివారాలు వాలంటీర్‌గా వెళ్ళు, కుర్చీలు మడతపెట్టమన్నా మడతపెట్టు, ఆర్నెల్లయ్యాక నీ మనసేమంటుందో చూద్దాం.

మీ అమ్మగారికి మనకెందుకివన్నీ అనిపిస్తోందన్నావు కదా. మా అమ్మ ఇక్కడికి వచ్చినప్పుడు నాకూ అదే మాట అంది. నేను వాదించలేదు, కార్మెన్ లోమాస్ గార్జా అనే టెక్సస్ చికానా 1988లో వేసిన 'తమలాద' చూపించాను. వంటింట్లో కుటుంబం అంతా కలిసి తమాలెలు చేస్తుంటారు. నీలం ఓవరాల్స్ వేసుకున్న తాత మనవరాళ్ళతో కలిసి మొక్కజొన్న పొత్తి ఆకులు నానబెడుతుంటాడు, ఒకరు ఆకు మీద పిండి పూస్తారు, ఒకరు లోపలి కూర పెడతారు, చుట్టినవి అమ్మమ్మ వరసగా పేరుస్తుంది. అమ్మ కళ్ళజోడు సవరించుకుని దగ్గరికి వంగి చూసింది. మన అరిసెల రోజులా ఉందే అంది. కాసేపాగి, మగాళ్ళు కూడా చేస్తున్నారే అంది. తర్వాత ఆ ఆకుల్లో ఏం పెడతారు, ఎంతసేపు ఉడకాలి అని అడిగింది, నాకు తెలియక పక్కింటి రోసా గారిని పిలిచాను. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు, చేతులతోనే గంటసేపు మాట్లాడుకున్నారు.

టుహుంగా వాష్‌కి మధ్యాహ్నం ఎండలో వెళ్ళకు, నీళ్ళసీసా పట్టుకెళ్ళు, కోల్డ్‌వాటర్ కాన్యన్ రోడ్డు పక్కన నడకదారి ఉంది, అక్కడినుంచి కనిపిస్తుంది. అరగంట కూర్చుని రాసుకున్న కాగితం ఉంటుంది కదా, అది ముందు ఇక్కడ పెట్టు, పేపర్ సంగతి దాని తర్వాత మాట్లాడుకుందాం.